తోలుగుడ్లూ, దిడ్డి దర్వాజా

మా నల్లపెట్ట మొదటిసారి తోలుగుడ్డు పెట్టిన రోజున నేను కోడిని చూడలేదు, గోడను చూశాను. తోలుగుడ్డు అంటే పెంకు లేనిది. చేతిలోకి తీసుకుంటే నీళ్లు నింపిన తిత్తిలా వంగుతుంది. వారం తిరిగేసరికి మిగతా రెండు పెట్టలూ మొదలుపెట్టాయి. ఒకదానిది ముడతల గుడ్డు, ఇంకొకదానిది పట్టుకుంటేనే పగిలే పల్చని గుడ్డు.

గోడకు అవతల ఉన్నావిడ బీడీలు చుడుతుంది. బీడీలు చుట్టే ఇంట్లో తంబాకు దుమ్ము ఉంటుంది. ఊడ్చిన దుమ్ము ఎక్కడ పోస్తున్నట్టు? మా ఊరు ఎడపల్లి మొత్తంలో ఈ ప్రశ్న నాకొక్కడికే తట్టింది.

మా రెండు పెరళ్ల మధ్య గోడలో ఒక దిడ్డి దర్వాజ ఉంది, మనిషి వంగి దాటేంత చిన్నది. మా కోళ్లూ అందులోంచే అవతలికి పోయి మేసి వచ్చేవి. నా భార్యకు మోకాళ్ల నొప్పులు, వాకిలి మెట్లు దిగలేదు. ఆమెకు ఊరంటే ఆ దిడ్డి అవతలి పెరడే. రోజూ మధ్యాహ్నం అక్కడ కూర్చుని, ఆవిడకు తునికాకు కత్తిరించి ఇస్తూ ముచ్చట పెట్టేది. నేను ఆ దిడ్డికి తాళం వేశాను.

"కోడిగుడ్డుకు నా ముచ్చటకు ఏం సంబంధమయ్యా?" అంది.

"దుమ్ము సంగతి తేలేదాక తియ్య."

"నువ్వు తేల్సుడు, నేను సచ్చుడు ఒక్కపారే అయితయ్."

ఆ తర్వాత నాతో మాట మానేసింది. అన్నం పెట్టేది, పళ్లెం చప్పుడయ్యేలా పెట్టేది.

బోధన్ వెళ్లి పశువుల డాక్టరును అడిగాను. ఆయన కోడిని చూడకుండానే చెప్పాడు. "సున్నం తక్కువైతుంది పెద్దాయనా. ఎండ దెబ్బకైతది, బెదిరితే అయితది, ముసలిదైతే అయితది. రోగమైతే తుమ్ముతయ్, ముక్కు కారుతది. మీ కోళ్లు మంచిగనే ఉన్నయంటున్నరు గద? గుడ్డు పెంకులు వేంచి, నలగ్గొట్టి దాణాల కలుపుండ్రి."

నాకు మండింది. బడి మొహం చూడకుండా, ఉప్పు పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. నాకు చెప్పడమా? "నలభై ఏండ్లాయె కోళ్లను సాకబట్టి. ఏనాడూ ఇంత సున్నం పెట్టలే. గుడ్లు రాళ్లలెక్కుండె!" అని లేచి వచ్చేశాను. డాక్టరు మీద కూడా అనుమానం వచ్చింది, గోడ అవతలి ఆవిడకు చుట్టమేమోనని.

తాళం వేశాక గుడ్లు బాగుపడలేదు, ఇంకా పాడయ్యాయి. అంటే దుమ్ము గోడ మీదుగా వేస్తోందన్నమాట! ఒకరోజు నల్లపెట్ట గోడ ఎగిరి అవతలికి పోయింది. తంబాకు తింటుండగా పట్టుకుందామని స్టూలెక్కి తొంగిచూశాను.

ఆవిడ చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతోంది. చుట్టూ నేల అద్దంలా ఊడ్చి ఉంది. నా పెట్ట మా ఉమ్మడి గోడకే, అవతలి వైపున, సున్నం పెచ్చులను టకటకా పొడుచుకు తింటోంది.

"ఏందన్నా, గోడెక్కినవ్? నువ్వు గూడ గుడ్డు పెడ్తవా?"

నా జ్ఞాపకం గట్టిదే, ఆ క్షణాన పగబట్టినట్టు పనిచేసింది. ప్రతి దసరాకు నా వైపు గోడకు సున్నం వేసేవాణ్ని. ఏడాది తిరిగేలోపు కింద మూరెడు మేర గుంతలు పడేవి. సున్నం బట్టీవాడు అందులో ఇసుక కలుపుతున్నాడని నలభై ఏళ్లూ వాణ్ని తిట్టాను. విసిగిపోయి, మొన్న దసరాకు ఆ గుంతలు పూడ్పించి ప్లాస్టిక్ పెయింటు వేయించాను. కోళ్లకు మిగిలింది అవతలి వైపు సున్నం. దిడ్డి మూసి అదీ అందకుండా చేశాను.

తాళం తీశాను. నా భార్య నా మొహం చూడకుండా గోడ పట్టుకుని వంగి దాటింది.

"నా గోడ తినుకుంట నాకే తిట్లా అన్నా?" అంది ఆవిడ, నా భార్య నోట దుమ్ము సంగతి విని.

"పెయింటోడన్నా అడగాలె గద, కోళ్లున్నయా అని!" అన్నాను. తప్పంతా నాదే అంటే ఎలా?

మర్నాడు మధ్యాహ్నం చిప్పపారతో పెయింటు గోకుతూ కూర్చున్నాను, కింద మూరెడు మళ్లీ సున్నం వేద్దామని. అవతల ఇద్దరూ ఒకటే నవ్వు. నా గురించేనని అనుమానం వచ్చింది. గోకడం ఆపి చెవి పెట్టాను.

"సప్పుడాగింది వదినే," అంది ఆవిడ. "అన్న ఇంటుండు."