సింహం పేరిట ఉన్న నేల

బోర్డులు రాసే ఓబళప్ప ముప్పై ఏళ్లుగా బెంగళూరు పేటలో అంగళ్ల పేర్లు రాస్తున్నాడు. ఆయన రాసింది ఎవరూ ఎన్నడూ తప్పుగా చదవలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు ఒక వర్తకుడు తన తోటలో జంతువుల బోనులు పెట్టి, ప్రతి జంతువూ బతికే చోటును దాని బోను ముందరి బోర్డు మీద లోకపటంలో రంగేసి చూపమన్నాడు. చిక్కు అక్కడొచ్చింది.

సింహం బోను ముందర హొసకోటె రైతు చిక్కమునియప్ప తోటివాళ్లకు వివరిస్తున్నాడు.

"ఈ ఎర్ర రంగేసిందంతా సింహం పేరిట ఉండే భూమి. ఊరి లెక్కలు రాసే మన శానుభోగు పొలాలు గీసేదీ ఇట్లే కదప్పా."

"మరి ఈ భూమికి కందాయం ఎవరు కడతారో!" అన్నాడు గుంపులో ఒకడు.

"నువ్వు బోన్లోకి పోయి వసూలు చేసుకోని రా, చూస్తాము."

అందరూ నవ్వారు. తోట మేనేజరు పాపయ్య మాత్రం నవ్వలేదు.

"ఆదివారం దాకా చూస్తాను ఓబళప్పా. అప్పటికీ జనానికి తెలియకపోతే పటం గీకేసి ఉత్త పేరు రాసెయ్."

"గీకేది నా చేత కాదు స్వామీ. తెలిసేట్టు చేస్తాను."

ఓబళప్ప రెండు రోజులు బోను పక్కనే కూర్చుని వచ్చేపోయేవాళ్ల మాటలు విన్నాడు. లోకం చుట్టొచ్చిన నావికుడికైనా తాను బయలుదేరిన రేవు తెలియకపోతే సముద్రమంతా ఒకటే నీళ్లు. ఆ సంగతి ఓబళప్పకు పుస్తకాలు చెప్పలేదు, పూలమ్మే కెంపమ్మ చెప్పింది.

"అంతా సరే గానీ అన్నా, దీంట్లో మనం యాడుండాము?"

ఆ సాయంత్రమే బెంగళూరు ఉన్నచోట బసవనగుడి నందిని గీశాడు. తెల్లారేసరికి, సింహం అక్కడికి పోయి ఎద్దును తింటుందని జనం తేల్చేశారు! ఓబళప్ప పళ్లు బిగించి నందిని చెరిపి, ఊరి పొలిమేరలో అందరూ చూసే కెంపేగౌడ గోపురం వేశాడు.

ఆదివారం పాపయ్య దారినపోయే ఒక ముసలమ్మను ఆపి బోర్డు చూపించాడు. ఆమె చందాపుర అంజినమ్మ. అక్షరం రాదు. గోపురం మీద బొటనవేలు ఆనించి, చిటికెనవేలు ఎర్రరంగు దాకా చాచింది.

"ఇది మన గోపురం. సింహం ఊరు జేనెడు దూరం. మా చందాపుర నుంచి ఈడికి దీంట్లో గోరంత కూడా కాదు, అది నడిచేదానికే నా కాళ్లు పడిపోయినాయి. అంత దూరం నుంచి పట్టుకొచ్చినారా దీన్ని? అయ్యో! దాని వాళ్లు ఎవరన్నా ఆడ ఉండారా?"

 పాపయ్య ఓబళప్ప వైపు తిరిగి, "పులి పటం ఎప్పుడు మొదలుపెడతావు?" అన్నాడు.