రత్నం సీటు

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోయడం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే బరువుగా ఉంటుందని చెప్పలేను. మొదట్లో బరువుగానే ఉండేది. తర్వాత అది నా నడకలో కలిసిపోయింది. ఇప్పుడు దించితే నిలబడగలనా అన్నదే భయం. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం నాకు లేదు.

మాది కళింగపట్నం. నాన్నకు చిన్న కిరాణా దుకాణం ఉండేది. నా స్నేహితురాలి పేరు రత్నం అనుకోండి. అసలు పేరు అది కాదు. వాళ్ల నాన్న చేపల వేటకని గుజరాత్ పోయి, ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడి పడవల మీదే ఉండేవాడు. ఇంట్లో ఉన్న ఒక్క సెల్‌ఫోనూ ఆయనతోనే పోయేది. తల్లికి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. టెన్త్ పాసైన రత్నం చదువు మానేసి ఆమెను కనిపెట్టుకుని ఉండేది.

రాష్ట్రం ఇంకా రెండుగా విడిపోలేదు. పేదింటి అమ్మాయిలకు ఆసుపత్రుల్లో రోగులను చూసుకునే పని నేర్పిస్తామంటూ శ్రీకాకుళంలో ఎంపికలు పెట్టారు. విశాఖపట్నంలో మూడు నెలల కోర్సు. ఫీజు ప్రభుత్వం కడుతుంది. హాస్టలు, భోజనం, దారిఖర్చులు కూడా వాళ్లవే. నేర్చుకున్నాక ఉద్యోగం. ఆ సాయం లేకపోతే మా ఇద్దరిలో ఎవరికీ ఆ చదువు అందేది కాదు. ఇద్దరం కలిసే వెళ్లాం. తాను లేని మూడు నెలలూ తల్లి దగ్గర ఉండడానికి రత్నం తన పిన్నిని ఒప్పించుకుంది కూడా.

ఈ పని ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావని అక్కడి మేడం అడిగింది. మంచం పట్టిన మనిషిని ఎలా తిప్పాలో, తిప్పకపోతే వీపు ఎలా పుండు పడుతుందో రత్నం చెబుతుంటే ఆవిడ పెన్ను పక్కన పెట్టి విన్నది. నా వంతు వచ్చినప్పుడు, సేవ చేయాలని ఉందన్నాను. ఆవిడ తల ఊపింది. అంతే. ఆ తల ఊపడం నాకు ఎంత గుచ్చుకుందో ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత నేను చేసిన దానికి మా పేదరికమే కారణమని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజమా? పేదరికం ఉన్నమాట నిజమే. కానీ ఆవిడ రత్నాన్ని చూసినట్టు నన్ను చూడకపోవడం కూడా నిజమే.

మా మండలానికి ఒక్క సీటే మిగిలింది. ముందు రత్నం పేరు. ఆమె రాకపోతే నాది. ఆ వరుస అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. ఎవరికి వచ్చిందో ఫోన్ చేసి చెబుతామన్నారు. రత్నం మా దుకాణం నంబరే ఇచ్చింది. ఆ రోజు నుంచి నీళ్లకు వెళ్తూ వస్తూ గుమ్మం ముందు ఆగి, ఫోనొచ్చిందా అని కళ్లతోనే అడిగేది. రాలేదని నేను తల అడ్డంగా ఊపేదాన్ని. అప్పటికి అది నిజమే.

ఫోను ఒక మధ్యాహ్నం వచ్చింది. నాన్న బల్ల దగ్గర పప్పు తూస్తున్నాడు. నేనే తీశాను. రత్నానికి సీటు వచ్చిందనీ, సోమవారం కల్లా చేరాలనీ అవతలి అమ్మాయి చెప్పింది.

"ఆ అమ్మాయి రాదండి. పెళ్లి కుదిరింది," అన్నాను.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ముందే ఆలోచించి పెట్టుకున్నానా? లేదనే అనుకుంటాను. కానీ తడుముకోకుండా వచ్చిందంటే, అది నాలో ఎక్కడో తయారుగానే ఉండి ఉండాలి. అవతల కాగితాల చప్పుడు. తర్వాత ఆ అమ్మాయి నా పేరు చదివింది. "ఈవిడదీ ఇదే నంబరుందే?" అంది. "నేనేనండీ. పక్కపక్క ఇళ్లు మావి," అన్నాను.

ఫోను పెట్టేసి తిరిగి చూస్తే నాన్న తూకం ఆపేసి నన్నే చూస్తున్నాడు. అంతా విన్నాడు. ఒక్క మాట అంటాడని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది. ఆయన తల దించుకుని, చేతిలోని పొట్లానికి దారం చుట్టాడు. ఆ రోజు నుంచి పోయేదాకా ఆయన రత్నం ముఖంలోకి చూసి మాట్లాడలేదు. సరుకుకు వస్తే అడిగిన దానికంటే కాస్త ఎక్కువే వేసి పంపేవాడు.

నాకు సీటొచ్చిందని చెబితే రత్నం ఏడవలేదు. క్షణం సేపు ముఖం వాడింది. ఆ వెంటనే నన్ను కావలించుకుంది. బయల్దేరే రోజు నా సంచి తనే మోసి బస్సెక్కించింది. వేయించిన ఎండునెత్తళ్లు డబ్బాలో పెట్టి ఇచ్చింది. మేము కోమట్లం, నీచు తినమని తెలిసి కూడా. "నువ్వు తినకపోతే హాస్టల్లో ఎవులికైనా పెట్టు," అంది. ఆమె దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ లేదు మరి.

ఇంతటితో ఆగి ఉంటే, ఒక్క క్షణపు తప్పని ఏదో ఒకనాటికి నన్ను నేను ఓదార్చుకునేదాన్నేమో. కానీ మరుసటి ఏడు మళ్లీ ఎంపికలు జరిగాయి. అప్పటికి నేను విశాఖలో ఒక ఆసుపత్రి వార్డులో పనిచేస్తున్నాను. సెలవు మీద ఊరికి వచ్చిన రోజే రత్నం శ్రీకాకుళం నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. ఎండలో నడిచి ముఖం కందిపోయింది.

"ఒలే, నాను సీటొద్దన్నానంటన్నారే," అంది. "ఒకపాలి వొద్దన్నోలికి మల్లీ ఇవ్వరంట. నానెప్పుడన్నానే వొద్దని? నాకసలు ఫోనే రానేదు కదేటి?"

నాన్న లోపలికి వెళ్లిపోయాడు.

"ఆఫీసోళ్లు పేర్లు తారుమారు చేసుంటారే," అన్నాను.

"పెళ్లి కుదిరిందని కూడా రాసున్నాదంట. నాకు పెళ్లేటి?"

"ఇంకెవరిదో నీదనుకునుంటారు. ఆళ్లకి మనలాంటోళ్లంతా ఒకటే."

రత్నం కాసేపు నన్ను చూసింది. అనుమానంతో కాదు. అదే నన్ను చంపుతోంది. "నిజవేలే," అంది. "ఆల్లకి మనవెవులం?"

ఆ "మనం"లో నన్ను కూడా కలుపుకుంది.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. ఆఫీసుకు వెళ్లి జరిగింది చెప్పి ఉంటే, నా ఉద్యోగం పోతే పోయేది, ఆమె పేరు మళ్లీ ఎక్కేదేమో. కనీసం అడిగి చూడాల్సింది. ఫోనులో చెప్పిన అబద్ధం ఆమె సీటు తీసుకుంది. గుమ్మంలో చెప్పిన అబద్ధం ఆమె తిరిగి అడిగే దారి కూడా మూసేసింది. మొదటిది తొందరలో చేశాను. రెండోది తెలిసి చేశాను.

రత్నం రొయ్యల ఫ్యాక్టరీలో చేరింది. కొన్నేళ్లకు తల్లికి రెండోసారి పక్షవాతం వస్తే మా ఆసుపత్రికే తీసుకొచ్చింది. పక్క మార్చడానికి నేనొక వైపు, ఆమె ఒక వైపు నిలబడ్డాం. దుప్పటి పట్టుకున్న ఆమె వేళ్లు చూశాను. పొద్దస్తమానం ఐసులో నాని, పగిలి, గోళ్ల చుట్టూ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ చేతులు తల్లిని ఎంత ఒడుపుగా తిప్పాయో! కోర్సులో నాకు పని నేర్పిన మేడమే అక్కడుంటే, ఈ ఇద్దరిలో నర్సమ్మ ఎవరని అడిగేది. పక్క మంచాల వాళ్లకు రత్నం నన్ను గర్వంగా చూపించేది. "మా ఊరి గుంటే. ఈ పిల్ల నేకపోతే ఏటైపోదుమో," అనేది.

వారం తిరగకుండానే తల్లి పోయింది. చివరి రోజు వరండాలో నేనూ రత్నమూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. మాట నోటి దాకా వచ్చింది. తల్లిని పోగొట్టుకున్న రోజున చెప్పడం క్రూరమని ఆగాను. దయతోనే ఆగానా? నా పిరికితనం ఎప్పుడూ ఏదో ఒక మంచి పేరు పెట్టుకునే వస్తుంది.

తర్వాత రత్నానికి నిజంగానే పెళ్లయింది. ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికి వెళితే బిడ్డను నా ఒళ్లో పెట్టి, నా పేరే పెట్టానని చెప్పింది. "నీలాగే నర్సవ్వాలని," అంది. నేను బిడ్డను గట్టిగా పట్టుకున్నాను.

ఇప్పుడు వాళ్ల వీధికి వెళితే, పిల్ల మీద కోపం వచ్చినప్పుడు రత్నం నా పేరు పెట్టి అరుస్తుంది. ప్రతిసారీ నేను ఉలిక్కిపడతాను. ఆమెకు తెలిసిపోయింది, ఇప్పుడు అడుగుతుంది అనుకుంటాను. పిల్ల పరుగెత్తుకుంటూ వస్తుంది. రత్నం నవ్వుతుంది.

ఆమెకు ఎందుకు చెప్పవని మీరు అడగొచ్చు. చెబితే తేలికపడేది నేను. ఆమెకు మిగిలేది ఏమిటి? ఈ వాదన కూడా నాకు అనుకూలంగానే ఉందని నాకు తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి పోయింది మీ సీటు కాదు.

మీకు చెప్పడం ఆమెకు చెప్పడం కాదు. అయినా, నాన్న పోయాక ఈ సంగతి తెలిసిన రెండో మనిషి లేకుండా బతికాను. ఇప్పుడు మీరున్నారు. ఈ పూటకు ఊపిరి కొంచెం ఆడుతోంది.