నవ్వకు మరదలా

మా తోడల్లుడు ఫోటో తీసేటప్పుడు ఎవరినీ నవ్వమనేవాడు కాదు. కెమెరా కంటికి ఆనించుకుని "జెర నవ్వకుండ్రి" అనేవాడు, అంతే. ఎంతటి ముభావులకైనా నవ్వు ఆగేది కాదు. అదే మాట నేనూ అని చూశాను. నా ముందు నిజంగానే ఎవరూ నవ్వలేదు.

నేను డీఎస్ఎల్ఆర్ కొంటానంటే సలహా కూడా ఆయనే ఇచ్చాడు. "చిన్న సెన్సర్‌ది సరిపోతది తమ్మీ. ఇంట్లోళ్లనే గద తీసేది." ఆయన దగ్గర ఉన్నది అదే. ఆ ఒక్క కారణంతోనే నేను పెద్ద సెన్సరున్న ఫుల్ ఫ్రేమ్ కొన్నాను. మసక వెలుతురులోనూ దాని బొమ్మ శుభ్రంగా వస్తుంది.

ఒకరోజు పొద్దు వాలుతుండగా రెండు కుటుంబాలం బన్సీలాల్‌పేట్ మెట్లబావికి వెళ్లాం. మా ఆవిడ మెట్ల మీద కూర్చుంది. మేమిద్దరం పక్కపక్కనే నిలబడి కెమెరాలు ఎత్తాం.

"నవ్వకు మరదలా" అన్నాడు ఆయన.

"నువ్వు ఊకో బావా" అంటూనే ఆమె నవ్వేసింది. ఇద్దరం ఒకేసారి నొక్కాం.

ఇంటికొచ్చి రెండు ఫోటోలూ కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టాను. ఆయనది ఇసుక చల్లినట్టుంది. నాది కడిగిన అద్దంలా ఉంది. ఆ సంబరంలో నాదాన్ని పెద్దది చేస్తూ పోయాను. నుదుటి మీది వెంట్రుకలు, ముక్కుపుడక మెరుపు, కళ్లు. ఆ కళ్లు నా వైపు లేవు. నా పక్కన నిలబడ్డ ఆయన వైపున్నాయి.

చిన్న సెన్సర్‌ది కొనుంటే, నన్నే చూసి నవ్విందనుకునేవాణ్ని.