పద్మక్క కోసిన నాలుగు ముక్కుపురుగులు

నిన్న పొద్దున పెనుకొండలో ప్యాసింజర్ ఎక్కి, అలవాటుగా కిటికీ పక్క సీటు వైపే నడిచాను.

ఎవరో కాలేజీ పిల్లలు కూర్చొని ఉన్నారు.

ధర్మవరంలో ఎక్కి, బ్యాగు పెట్టి నాకు సీటు పట్టే పద్మక్క లేదు. ఒక్క మాట చెప్పకుండా లీవ్ పెట్టిందా అని తిట్టుకుంటూ ఫోన్ చేశాను.

వాళ్ల తమ్ముడు ఎత్తాడు.

"అక్క లేదక్కా. తెల్లారుజామున గుండెపోటు..."

చేతిలో హిందూపురం టికెట్. తర్వాతి స్టేషన్‌లో దిగేసి, బస్సు పట్టుకొని ధర్మవరం పోయాను. దారంతా ఏం ఆలోచించానో గుర్తులేదు.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. పద్మక్క మా కాలేజీలో జువాలజీ మేడమ్. నేను తెలుగు. పద్నాలుగేళ్లు ఒకే ట్రైన్.

ఎండాకాలం సెలవులిస్తే మేమంతా ఊటీ అనేవాళ్లం. ఆమె హిమాలయాలకు పోయేది. దర్శనానికి కాదు. చెట్లు కూడా మొలవనంత ఎత్తులో రాళ్లు తిరగేసి ముక్కుపురుగులు ఏరడానికి!

మనం చేటలో ఏరి పారేసే బియ్యం పురుగుకు చుట్టాలన్నమాట. పైకి చూస్తే అన్నీ ఒకటే నలుపు, ఒకటే ముక్కు. ఏది ఏ జాతో తేల్చాలంటే మైక్రోస్కోప్ కింద కోసి లోపల చూడాలి.

"పురుగులకు సంబంధాలు చూస్తాండావా అక్కా?" అని ఏడిపించేదాన్ని.

"పెళ్లి సంబంధమే నయం సరోజా. ఇవి నోరు విప్పవు" అనేది.

ఆరేళ్ల కిందట ఆ హిమాలయాల్లోనే ఒక కొండ కనుమలో నాలుగు పురుగులు దొరికాయి. అంతకుముందు అక్కడ దొరికినవాటికన్నా లావు, ముక్కు కూడా పొడుగు. కొత్త జాతి అనుకుంది. మగ్గం నేసి తనను చదివించిన వాళ్ల నాయన నాగప్ప పేరు పెడతానంది.

పెద్దాయన వీధంతా చెప్పుకున్నాడు. "హిమాలయాల్లో నా పేరుతో పురుగు ఉండాదంటప్పా!"

పేపర్ రాసేసింది. కానీ ఆ నాలుగింటినీ మాత్రం కోయలేదు. ఉన్నవే నాలుగు, పైగా నాయన పేరు పెట్టుకున్నవి. చేయి రాలేదు. అదే పని స్టూడెంట్ చేసి ఉంటే చీల్చి చెండాడేది.

రేపు జర్నల్‌కు పంపాలనగా ఇక ఉండబట్టలేక, మధ్యాహ్నం ల్యాబ్‌లో ఒకటి కోసింది. ఆడది.

రెండోదీ ఆడదే. నాలుగూ ఆడవే.

ముందు దొరికిన సన్నవన్నీ మగవి. ఇవి వాటి ఆడపురుగులు. అంతే. కొత్త జాతి లేదు, ఏమీ లేదు.

నేనే అన్నాను, సిగ్గులేకుండా. "పంపించేయక్కా, ఎవరికి తెలుస్తుంది?"

"రేపు ఇంకొకరు కోస్తారు సరోజా. అప్పుడు మా నాయన పేరు తప్పుల లిస్టులో ఉంటాది."

ఆ సాయంత్రం నేను పెనుకొండలో దిగకుండా తన వెంట ఇంటిదాకా పోయాను. పెద్దాయన మగ్గం ఆపి మొత్తం విన్నాడు.

"నా పేరు రేషన్ కార్డులో ఉండాది, చాల్లేమ్మా. అన్నం తిన్నావా?"

అక్క వెక్కి వెక్కి ఏడ్చింది.

నిన్న మళ్లీ ఆ ఇంటికే పోయాను. అక్కను వసారాలో పడుకోబెట్టారు. పెద్దాయన నన్ను లోపలికి పిలిచి పురుగుల పెట్టెలు చూపించాడు. ఆయనకు చదువు రాదు.

"ఆ నాలుగూ యాడ ఉండాయో సూడమ్మా. నా పేరు ఏమన్నా రాసిందా?"

రాసిందని చెప్పేద్దామనే అనుకున్నాను. ఆ ముసలి ప్రాణానికి ఒక అబద్ధం చెబితే ఏం పోతుంది?

పెట్టె తెరిచాను. సూదికి గుచ్చిన ఇంగ్లిష్ లేబుల్ కింద ఇంకో చిన్న చీటీ. పెన్సిల్‌తో, తెలుగులో. పద్నాలుగేళ్లలో నేనెప్పుడూ గమనించలేదు.

"ఏరినది: నాగప్ప కూతురు పద్మ."

పక్కదానికీ అదే. ఇంకో పెట్టె తెరిస్తే అందులోనూ అదే. అన్ని పెట్టెల్లో, ప్రతి పురుగుకూ.

ఒక్కొక్కటీ చదివి వినిపించాను. పదో చీటీ దగ్గర ఆగిపోయాను.

"సదువు తల్లీ" అన్నాడు. "ఇంగా శానా ఉండాయి గదా."

పద్మక్కా, రేపటి నుంచి కిటికీ పక్క సీట్లో బ్యాగు నేను పెడతాను.

ఇక ఏ రాయీ తిరగేయొద్దు. హాయిగా నిద్రపో.