రంగుల పేజీలు

అమెరికాలో నవాహో తెగకు చెందిన ఓ చిత్రకారుడి జీవితకథ రాసి, ఊరూరా సభలు పెట్టించుకుంటున్న రోజులవి. పెనుగొండ సభలో ముఖ్య అతిథి రిబ్బను విప్పి, నాకు శాలువా కప్పి, ఆ చిత్రకారుణ్ణి మెక్సికో వాడన్నాడు. తర్వాత నా పుస్తకం మీదే మిరపకాయ బజ్జీ పెట్టుకుని తిన్నాడు. రోత పుట్టింది.

నిడదవోలు స్టేషన్లో రైలు కోసం కూర్చుని, పక్కనున్న పెద్దావిడ దగ్గర ఇదంతా వెళ్లగక్కాను. ఆవిడ పుస్తకం అడిగి తీసుకుని చివరిదాకా తిప్పింది. మళ్లీ మొదటికొచ్చి తిప్పింది.

"బొమ్మలేసే ఆయనన్నారు కదండీ. ఆయనేసిన బొమ్మ ఒక్కటీ లేదేంటండీ?"

రంగుల పేజీలు ఎనిమిదున్నాయి. ఎనిమిదింటిలోనూ నా పాత సన్మానాల ఫొటోలే, శాలువాలతో నేనే.

ఆవిడ చేతిలోంచి పుస్తకం లాక్కున్నంత పని చేశాను. తర్వాతి సభకి ఒంట్లో బాగోలేదని కబురంపాను.