ఇన్నిక్కి రేటు

ఆ రోజుల్లో నన్ను భయపెట్టడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు, సారు దగ్గర్నుంచి ఫోన్ వస్తే చాలు. కడప నుంచి వచ్చి హోసూరులో ఒక విడిభాగాల ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో చేరి ఆరు నెలలు కావస్తోంది. ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం ఆ వారమే రావాలి. (అది రాకముందే మా మేనమామకు ‘పర్మనెంటయింది’ అని చెప్పేశాను. అదొక గోల.)

అకౌంట్స్‌కు పెద్దయిన మా సారు హోసూరు మనిషి. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, కోపమొస్తే కన్నడం. కంపెనీ చేతిలో మిగిలిన డబ్బును కొద్ది నెలలకని మ్యూచువల్ ఫండ్ యూనిట్లలో పెట్టేవారు. వాటిని కొన్న ధరకు కాక, లెక్కలు మూసే రోజున ఎంత పలికితే ఆ ధరకు చూపాలి. దాన్నే ఫెయిర్ వాల్యూ అంటారు. మార్చి ఆఖరి రోజు మధ్యాహ్నం సారు మిషన్ల మోతలోంచి ఫోన్ చేసి, “ఇన్నిక్కి రేటు ఎయ్యప్పా, రేపు ఆడిటరుకు పంపాల” అన్నారు. నాకు ‘నిన్నటి రేటు’ అని వినబడింది. ఆ రోజు రేటు ఎలాగూ సాయంత్రానికి గానీ రాదు కాబట్టి అదే సబబనిపించింది. నిన్నటిది వేసి, రేపటిదాకా ఆగడమెందుకని అప్పుడే పంపేశాను కూడా. మెచ్చుకుంటారనుకున్నాను!

మర్నాడు కృష్ణగిరిలోని నా రూము నుంచి హోసూరుకు బస్సులో వెళ్తున్నాను. సూళగిరిలో ఎక్కిన టమాటా రైతు ఒకాయన నా పక్కన కూర్చుని ఫోన్లో అరుస్తున్నాడు. “నేత్తు రేటు వేణాం! ఇన్నిక్కి రేటు సొల్లు!”

సారు ఫోన్లో అన్నదీ ఇదే మాటలా తోచింది. “ఇన్నిక్కి అంటే ఏంది పెద్దాయనా?” అన్నాను.

“ఈ పొద్దప్పా. నేత్తు అంటే నిన్న, వేణాం అంటే వద్దు. నిన్నటి రేటుకు ఈ పొద్దు టమాటా ఎవురు కొంటారు?”

ఉద్యోగం పోయిందనుకున్నాను. మేనమామకు ఏం చెప్పాలి? రూము అద్దె ఎలా?

“ఏమప్పా, చెమట్లు పోస్తా ఉండాయి? నీది కూడా టమాటానా?” అన్నాడాయన జాలిగా.

“అట్లాంటిదే” అన్నాను.

ఆఫీసులో నేరుగా సారు ముందు నిలబడి, “తప్పయిపోయింది సార్. మీరు ఇన్నిక్కి అంటే నాకు నిన్నటి అని వినబడింది. తేడా అయితే చిన్నదే” అన్నాను.

“తేడా చిన్నదైతే? తేదీ తప్పినాక అది ఏమి విలువప్పా?” అని సారు కళ్లద్దాలు తీశారు. కన్నడం మొదలవుతుందనుకున్నాను. ఆయన ఫక్కున నవ్వారు. “నేను తమిళంలో చెప్పినాను, నువ్వు అడక్కుండా పంపించినావు. దా, ఇద్దరమూ ఆడిటరుకు చెప్దాము.”

పర్మనెంటు కాగితం రెండు రోజులకు వచ్చింది.

ఇప్పుడు సారు కుర్చీలో నేనున్నాను. కొత్తవాళ్లకు రేటు గురించి చెప్పేటప్పుడు తేదీ, నెల, సంవత్సరం మూడూ చెబుతాను. మొన్న మార్చి చివర్లో ఇంటికి ఫోన్ చేసి, “ఇన్నిక్కి లేటవుతుంది” అన్నాను. కడప నుంచి కొత్తగా కాపురానికొచ్చిన మా ఆవిడ, “నిన్న లేటయిన సంగతి నాకు తెలీదా? ఈరోజు మాటేందో చెప్పు” అంది. నవ్వొచ్చింది, కొంచెం దిగులు కూడా వేసింది. బస్సులో చెమటలు కక్కిన ఆ కడప కుర్రాడు ఏ తేదీన హోసూరు మనిషైపోయాడో, నా లెక్కల్లో ఎక్కడా రాసుకోలేదు.