దవాఖానలో గట్టిగా చదివేశాను

నేను చదువు నేర్చింది యాభై దాటాక. మనసులో చదువుకోవడం ఇప్పటికీ రాదు.

గచ్చిబౌలిలో మా ఆఫీసు చెత్త ఎత్తుతుంటే వేలికి ఎవరో వాడి పారేసిన సూది గుచ్చుకుంది. సూపర్‌వైజరమ్మ వెంటనే సర్కారు దవాఖానకు పంపింది. అక్కడి బోర్డును, "హెచ్‌ఐవీ పరీక్ష ఇక్కడే చేయబడును" అని గట్టిగా చదివేశాను. వరండాలో అందరూ తలలు దించుకున్నారు. హెల్మెట్ తీయకుండానే కూర్చున్న ఒకాయన లేచి వెళ్లిపోబోతూ నా వైపు తిరిగాడు.

"జర మెల్లగ సదువు అవ్వా! ఇజ్జత్ పోతది."

"రోగముంటే గోలీలిస్తరు. గీ సిగ్గుకు యాడున్నయి గోలీలు? కూసో బిడ్డా."

వరండా అంతా నవ్వింది. ఆయనా నవ్వి హెల్మెట్ తీశాడు. చూస్తే మా ఆఫీసు సెక్యూరిటీ గార్డే!

ఇద్దరం పరీక్ష చేయించుకున్నాం. నేను ముందుజాగ్రత్తగా ఇచ్చిన మందులు వాడి, చెప్పిన గడువుకు మళ్లీ వెళితే ఏమీ లేదన్నారు. ఆయనకేం తేలిందో నేను అడగలేదు. మధ్యాహ్నం అన్నం మాత్రం కలిసే తింటున్నాం.